తెర మీద డాక్టరు, పక్కన నర్సు: మా విలేజ్ క్లినిక్‌ల శిక్షణ డైరీ

జూన్ మొదటి వారం

మా పీహెచ్‌సీ కింద ఉన్న విలేజ్ క్లినిక్‌లలో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీలకు (క్లినిక్ నడిపే నర్సింగ్ పట్టభద్రులు), ఏఎన్‌ఎంలకు (ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు) టెలీకన్సల్టేషన్, అంటే వీడియో కాల్‌లో డాక్టరుకు చూపించడం మీద మళ్లీ శిక్షణ మొదలుపెడుతున్నాం. నేను నర్సింగ్ ట్యూటర్‌ని, ఈ పని నాకు అప్పగించారు. ఇదివరకు ఇచ్చిన శిక్షణ బాగానే అందింది. లాగిన్ ఎలా కావాలో, ఏ గడిలో ఏం నింపాలో, డాక్టరుకు కాల్ ఎలా కలపాలో అందరికీ వచ్చు. అయినా కాల్ ముగిశాక అటు డాక్టరుకీ తృప్తి ఉండటం లేదు, ఇటు రోగికీ ఉండటం లేదు. ఎక్కడ తేడా కొడుతోందో చూడకుండా కొత్త పాఠాలు తయారుచేయకూడదని అనుకున్నాం.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక కథ. మేం ఈ కాల్స్‌కు వాడే ఈ-సంజీవనిని మొహాలీలోని సీ-డ్యాక్ తయారుచేసింది. ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరుకు వీడియో కాల్ కలిపే ఈ సేవను 2019 నవంబర్‌లో అన్ని రాష్ట్రాలకంటే ముందు మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. ఊళ్లోని క్లినిక్‌ని స్పోక్ అంటారు, డాక్టరు కూర్చునే చోటు హబ్. రోగి ఇంట్లో కూర్చుని సొంత ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడటానికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇక్కడ రోగి పక్కన నర్సు ఉంటుంది. పొట్ట నొక్కి చూడగలదు, ఊపిరి వినగలదు, ఆ ఇంట్లో ఎవరు వండుతారో, ఎవరు తాగుతారో కూడా ఆమెకు తెలుసు. ఆమెకు తెలిసినదంతా డాక్టరుకు చేరితేనే ఆ కాల్‌కు అర్థం ఉంటుంది. శిక్షణ మొత్తం ఈ ఒక్క విషయాన్ని పట్టుకునే నడపాలని నా పట్టుదల.

జూన్ మూడో వారం

క్లినిక్‌లలో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తున్నాను. పాఠం చెప్పడం లేదు, తప్పులు దిద్దడం లేదు. రాసుకోవడమే పని.

చాలాచోట్ల ఒకటే వరస. కాల్ కలవగానే నర్సు ఫోన్‌ని రోగి ముఖం ముందు పెట్టి పక్కకు తప్పుకుంటుంది. "షుగర్ పేషెంట్ సార్, మందులు రాయండి" అంటుంది. డాక్టరు "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడుగుతారు. "తెల్లవి ఒకటి, చిన్న గులాబీవి ఒకటి బాబూ" అని జవాబు. రంగులు, సైజులు తేలేసరికి కాల్‌లో సగం అయిపోతుంది. మిగిలిన సగంలో రోగి మోకాళ్ల నొప్పుల గురించి చెప్పడం మొదలుపెడుతుంది, ఈలోగా అటు వేరే స్పోక్ నుంచి కాల్ వెయిటింగ్‌లో ఉంటుంది.

ఒక క్లినిక్‌లో మాత్రం వేరేగా చూశాను. పాదాల వాపుతో ఒక పెద్దావిడ వచ్చింది. అక్కడి ఎంఎల్‌హెచ్‌పీ యాప్ తెరవలేదు. "పెద్దమ్మా, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచితో సహా తెప్పించు" అని మనవణ్ణి ఇంటికి పంపింది. సంచి వచ్చాక అన్నీ టేబుల్ మీద పోయించింది.

"ఇదెక్కడిది పెద్దమ్మా?"

"మీరిచ్చిందేనమ్మా, బీపీకి."

"మరి ఇది?"

"అది మా పిల్లోడు విశాఖలో కొని పంపాడు. అదీ బీపీకే. రెండూ వేసుకుంటే తొందరగా తగ్గుద్దని."

రెండు స్ట్రిప్పుల మీద పేర్లు వేరు, రంగులు వేరు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది మాత్రం రెండింటి మీదా అమ్లోడిపినే. అమ్లోడిపిన్‌తో పాదాలు వాయడం నర్సింగ్‌లో చదువుకున్నదే, మోతాదు పెరిగితే ఆ వాపు ఇంకా ఎక్కువ. ఆ అమ్మాయి బీపీ, నాడి చూసి, ఊపిరితిత్తులు విని, వాపు నొక్కి చూసి, అప్పుడు కాల్ కలిపింది. "సార్, అరవై దాటిన ఆవిడ, పాదాల వాపు, ఆయాసం లేదు, అమ్లోడిపిన్ రెండు పేర్లతో రెండుసార్లు పడుతోంది, ఒకటి ఆపించాలా, ఏది ఉంచమంటారు?" అంది. డాక్టరు మరో రెండు ప్రశ్నలు అడిగి నిర్ణయం చెప్పేశారు. ఎంతో హాయిగా సాగిన కాల్ అది.

ఆ కాల్ బాగుండటానికి కారణం అంతకుముందు టేబుల్ దగ్గర జరిగిన పని. మిగిలినవాళ్లకు నేర్పాల్సింది ఈ అమ్మాయి అప్పటికే చేస్తోంది. శిక్షణలో తననీ నాతోపాటు కూర్చోమని అడిగాను, ఒప్పుకుంది.

జూలై మొదట్లో

పోస్టుకార్డు సైజులో ఒక అట్ట తయారుచేశాం, తెలుగులో. కాల్ కలిపే ముందు దాన్ని చూసుకుని సిద్ధం కావాలి. రోగి ఎవరు, వయసెంత. బాధ ఏమిటి, ఎన్నాళ్లుగా. నేను చూసి, కొలిచి తెలుసుకున్నది ఏమిటి. ఏ మందులు, ఎంత మోతాదు, నిజంగా వేసుకుంటున్నారా. పడని మందులున్నాయా, ఆడవాళ్లయితే గర్భం సంగతి. అన్నిటికంటే కింద, పెద్ద అక్షరాల్లో: "నేను డాక్టరుని అడగబోయేది ఏమిటి?"

ఇలా ఒక వరసలో చెప్పే పద్ధతి మేం కనిపెట్టిందేమీ కాదు. ఆస్పత్రుల్లో ఎస్‌బార్ అని వాడుతున్న పద్ధతి అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల నుంచి వచ్చింది, అక్కడి నుంచి కైజర్ పర్మనెంటే అనే అమెరికా ఆరోగ్య సంస్థ వాళ్లు వైద్యంలోకి తెచ్చారు. మేం దాన్ని మా పనికి తగ్గట్టు మార్చుకున్నాం. ముఖ్యంగా ఆ చివరి ప్రశ్న. "మందులు రాయండి" అనేది ప్రశ్న కాదు. "మెట్‌ఫార్మిన్ రెండుపూటలా వేసుకుంటున్నా షుగర్ దిగడం లేదు, మోతాదు పెంచాలా, పీహెచ్‌సీకి పంపాలా?" అనేది ప్రశ్న. ప్రశ్న తయారయ్యేసరికి నర్సుకే రోగి పరిస్థితి సగం తేటపడుతుంది. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను కాల్ కలిపే ఆపరేటర్లుగా చూడటం నాకు మొదటినుంచీ మింగుడుపడని విషయం. ఈ అట్ట మీద ఆ చివరి లైను కోసం పట్టుబట్టింది అందుకే.

జూలై చివర

కొలతల రోజు. ఒక పూట సరిపోతుందనుకుంటే రోజంతా పట్టింది.

తెర అవతల ఉన్న డాక్టరుకు మనిచ్చే అంకె తప్ప ఇంకో ఆధారం లేదు. ఆ అంకె తప్పయితే యాప్ ఎంత మంచిదైనా ఆ తప్పునే ముందుకు మోసుకెళుతుంది. ఇది చెప్పి ఊరుకోకుండా ఒకరి బీపీ ఒకరు చూసుకోమన్నాం. మెట్లెక్కి రాగానే ఒకసారి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక ఒకసారి. చెయ్యి కిందికి వేలాడేసి ఒకసారి, గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి ఒకసారి. కాలు మీద కాలేసుకుని, కబుర్లు చెబుతూ ఒకసారి. అంకెలు ఎలా మారుతున్నాయో వాళ్ల ఒంటి మీదే చూశారు. లావుపాటి చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. ఉన్న కఫ్‌లన్నీ ఒకటే సైజు. పెద్ద కఫ్‌లకు ఇండెంట్ పెట్టాలని ఆరోజే రాసుకున్నాం.

రిజిస్టర్లలో ఒకే అంకె వరసగా కనిపించడం గురించి కూడా మాట్లాడుకున్నాం. 120/80 కిందే మళ్లీ 120/80. చేత్తో చూసే మిషన్ ఉన్నచోట అన్నీ సున్నాతో ముగిసే అంకెలే. ఎవరినీ నిలదీయలేదు. 140/90 దగ్గర ఒక మనిషి బీపీ పేషెంట్ అవుతాడా కాడా అన్నది తేలుతుంది, 138 అని రాయడానికీ 140 అని రాయడానికీ ఒక మనిషి జీవితంలో అంత తేడా ఉందని మాత్రం చెప్పాను. గది నిశ్శబ్దమైంది. ఒక ఏఎన్‌ఎం లేచి, "క్యాంపులో లైను బయటిదాకా ఉంటే అయిదు నిమిషాలు కూర్చోబెట్టేదెక్కడ మేడమ్?" అంది. న్యాయమైన మాట. ఆ ఊరి ఆశా కార్యకర్తే దారి చూపింది. వరండాలో బెంచీ వేసి, వచ్చినవాళ్లను వచ్చినట్టే అక్కడ కూర్చోబెట్టి, పేర్లు, కార్డులు ఆమె చూస్తుంటే, ఆ అయిదు నిమిషాలు వాటంతటవే గడిచిపోతాయని. అన్ని క్లినిక్‌లలో ఇలాగే పెట్టమన్నాం.

షుగర్ పరీక్షకు ముందు చెయ్యి కడిగించాలి. మామిడిపండు తిన్న వేలికి పొడిస్తే మిషన్ పండు తీపిని కూడా కలిపి చూపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచకూడదు. పల్స్ ఆక్సీమీటరుకు చల్లబడ్డ వేళ్లు, నెయిల్ పాలిష్ ఇబ్బంది. ఇంకో సంగతి చాలామందికి కొత్త: చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఈ పరికరం ఆక్సిజన్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. మన ఊళ్లలో రోజంతా ఎండలో పనిచేసేవాళ్లే ఎక్కువ. అంకె బాగుందని, ఎగశ్వాసతో ఉన్న మనిషిని ఇంటికి పంపొద్దు. అంకె కంటే ముందు మనిషిని చూడాలి.

ఆగస్టు

నటన మొదలైంది. ఆశా కార్యకర్తలు రోగులు, ఎంఎల్‌హెచ్‌పీలు వాళ్లవాళ్లే, పక్క గదిలో డాక్టరుగా నేను. ఇంత బాగా చేస్తారని ఊహించలేదు. ఒకామె చెవిటి తాత, ఒకామె ఏది అడిగినా అత్తగారి వైపు చూసే కొత్త కోడలు, ఇంకొకామె "నాకేం లేదు, మా ఆయన తీసుకొచ్చాడు" అనే మనిషి. రోజూ చూస్తున్న మనుషులు కదా.

కూర్చునే తీరు కూడా ఇక్కడే తేల్చుకున్నాం. వెలుతురు రోగి ముఖం మీద పడాలి, కిటికీ వీపు వెనక ఉండకూడదు. ట్యాబ్ స్టాండు మీద ఉండాలి, నర్సు చేతులు ఖాళీగా ఉండాలి. నర్సు, రోగి పక్కపక్కనే, ఇద్దరూ తెరలో కనిపించేలా. టైప్ చేయాల్సి వచ్చినప్పుడు "మీరు చెప్పింది రాస్తున్నా పెద్దమ్మా" అని ఒక్క మాట అనాలి. ఆ మాట లేకపోతే ఈమె ఫోన్ చూసుకుంటోందని రోగి అనుకుంటుంది, మాట ఆపేస్తుంది.

ఒక ఆశాకి రహస్యంగా ఒక పాత్ర ఇచ్చాను. యాభై దాటిన రైతు, పొద్దున్నుంచి "గ్యాస్" పట్టేసింది, ఎడమ చెయ్యి లాగుతోంది, చెమటలు. కొందరు అట్ట తీసి వరసగా అడగడం మొదలుపెట్టారు. ఒకామె కాల్ కూడా కలిపింది. అక్కడ ఆపేశాను. దీనికి యాప్ తెరవకూడదు. 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ అనే మాట కింద గుండెపోటు దాక్కున్న సందర్భాలు మన ఊళ్లలో ఎన్నో. మూతి వంకర పోయి మాట తడబడితే పక్షవాతం, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల లోపే సమయం, అందులో దారికే ఎంత పోతుందో ఏజెన్సీ అంచున ఉన్న మాకు బాగా తెలుసు. గర్భిణికి ఫిట్స్, రక్తస్రావం, పాము కాటు, ఆయాసంతో మాట రాకపోవడం. ఇవన్నీ అట్ట వెనకవైపు ఎర్ర అక్షరాల్లో వేయించాం. ఎమర్జెన్సీలో టెలీమెడిసిన్ పాత్ర ప్రథమ చికిత్స సలహా వరకే, రోగిని వెంటనే నేరుగా చూపించాలని 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలూ అంటున్నాయి.

డిజిటల్ శిక్షణలో మొదటి పాఠం యాప్ ఎప్పుడు పక్కన పెట్టాలన్నదే కావాలని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. తర్వాతి బ్యాచ్‌కి ఈ నటన మొదటి రోజు ఉదయమే పెడతాం.

ఆగస్టు ఆఖరు

ఓటీపీ గొడవ. ఆభా నంబరు, అదే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, తీయాలంటే ఆధార్‌కి కలిపిన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఆ ఫోన్ హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు దగ్గర ఉంటుంది. నర్సు ఫోన్ చేసి "ఓటీపీ చెప్పండి" అనగానే అతను పెట్టేస్తాడు. పెట్టేయడమే సరైన పని. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు చెబుతూనే ఉన్నారు. కాబట్టి ఫోన్ ముందు రోగి చేతికి ఇచ్చి, "నాయనా, నేను సిస్టరమ్మ దగ్గరున్నా" అని తల్లి చేత చెప్పించాలి. ఆ నంబరు దేనికో, ఇష్టమైతేనే తీసుకోవచ్చని రోగికి వివరంగా చెప్పాలి. అది లేదని వైద్యం ఆగకూడదు.

అనుమతి గురించి కూడా అంతే. నర్సు తనంతట తానుగా కాల్ కలిపినప్పుడు రోగి అనుమతి స్పష్టంగా తీసుకోవాలని ఆ టెలీమెడిసిన్ మార్గదర్శకాల్లోనే ఉంది. స్క్రీన్ మీద టిక్ పెట్టడం వేరు, "డాక్టరుగారితో వీడియోలో మాట్లాడదామా? మీ సంగతులు ఇందులో రాస్తాను, సరేనా?" అని అడిగి తలూపేదాకా ఆగడం వేరు. మేం రెండోదాన్ని సాధన చేయించాం.

ఇంకా బాధపెట్టిన విషయం వాట్సాప్. పుండు ఫొటో, రిపోర్టు ఫొటో, ఒక్కోసారి రోగి ముఖంతో సహా గ్రూపుల్లో తిరుగుతున్నాయి. సాయం కోసమే పంపుతారు, చెడు ఉద్దేశం లేదు. కానీ చిన్న ఊళ్లో క్షయ అనో, పెళ్లికాని అమ్మాయి గర్భం అనో ఒక్కసారి బయటపడితే ఆ ఇల్లు తలెత్తుకోలేదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చిందని చెప్పాను గానీ, దానికంటే "ఆ ఫొటో మీ చెల్లెలిదైతే?" అనే ప్రశ్నకే అందరూ కదిలారు. గోడ మీద పాస్‌వర్డ్ రాసిన కాగితాలు ఆ సాయంత్రమే తీసేశారు. గ్రూపుల్లో ఫొటోలు పెట్టకూడదనీ, యాప్‌లోనే అప్‌లోడ్ చేయాలనీ, ఫోన్‌లో మిగిలినవి అక్కడికక్కడే తీసేయాలనీ అందరూ కలిసి నిర్ణయించుకున్నారు.

సెప్టెంబర్

బ్యాచ్‌లో అందరికంటే పెద్దావిడ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఏఎన్‌ఎం, ట్యాబ్ ముట్టుకోవాలంటేనే టెన్షన్ పడుతోంది. "ఊరంతా నాకు నోటికొచ్చు తల్లీ. ఈ గడుల్లో నింపేసరికి ఏదో ఒకటి తప్పుతుంది, పైవాళ్లు ఏమంటారో" అంది. ఆమె చెప్పింది విన్నాక ఆమెను, కొత్తగా చేరిన ఎంఎల్‌హెచ్‌పీని జతగా వేశాం. ముప్పై దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్, క్యాన్సర్ స్క్రీనింగ్ కోసం సీబ్యాక్ అనే, జబ్బు ముప్పును లెక్కగట్టే ప్రశ్నల ఫారం నింపుతారు, స్కోరు నాలుగు దాటితే ముందుగా పిలవాలి. ఇంటికెళ్లి అడిగేది పెద్దావిడ, ఎక్కించేది చిన్నమ్మాయి. "పొగాకు అలవాటు ఉందా?" అని చిన్నమ్మాయి అడిగితే "లేదు" అన్న ముసలమ్మ, పెద్దావిడ "అడ్డపొగ ఇంకా మానలేదా వదినా?" అనగానే నవ్వి ఒప్పుకుంది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగడమే అడ్డపొగ. నోటి క్యాన్సర్ కోసం మనం వెతికేదే ఆ అలవాటు. ఫారంలో ప్రశ్న ఒకటే, అడిగేవాళ్లను బట్టి జవాబు మారిపోయింది. రెండు వారాలయ్యాక పెద్దావిడ తనే ఎక్కిస్తోంది, నెమ్మదిగా అయినా గడులు వదలకుండా.

తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాల్లో 2017 చివర్లో మొదలైన బీపీ కార్యక్రమం గురించి కూడా ఇక్కడ చెప్పుకున్నాం. అందులో వాడుకలోకి వచ్చిన సింపుల్ అనే యాప్‌ని తక్కువ గడులతో, తొందరగా నింపేలా రూపొందించారు. రోగి చేతికి క్యూఆర్ కార్డు ఇస్తారు. పనిచేసేవాళ్ల సమయాన్ని గౌరవించే యాప్ అయితే ఎవరూ భయపడరు.

హబ్ డాక్టర్లతోనూ ఒక పూట కూర్చున్నాం. శిక్షణ నర్సులకే చాలనుకోవడం సరికాదు. పేరు చెప్పుకోవడం, కెమెరా వైపు చూసి మాట్లాడటం, "సిస్టర్, పొట్ట కుడివైపు కింద నొక్కి చూడండి" అని నర్సు చేతిని వాడుకోవడం వాళ్లూ సాధన చేయాలి. ఒక డాక్టరు చాలా పనికొచ్చే మాట చెప్పారు: "మీ క్లినిక్‌లో ఏ మందులున్నాయో నాకు తెలియదు, రాసింది లేక మీరు మళ్లీ కాల్ చేస్తున్నారు." అప్పటినుంచి ప్రతి సోమవారం ఫార్మసిస్టు స్టాకు లిస్టు హబ్‌కు పంపుతున్నాడు. ఇంత చిన్న పనితో ఇంత తేడా వస్తుందని ఎవరమూ అనుకోలేదు. రోగి అదే క్లినిక్‌లో మందు తీసుకుని ఇంటికి వెళుతోంది.

అక్టోబర్

మళ్లీ క్లినిక్‌లలో కుర్చీ వేసుకుని చూస్తున్నాను. ఎన్ని కాల్స్ అయ్యాయన్న లెక్క రిపోర్టుల్లో ఎలాగూ ఉంటుంది, దాని జోలికి పోవడం లేదు. కాల్‌కి ముందు రోగిని ముట్టుకుని చూశారా, డాక్టరును అడగాల్సిన ప్రశ్న తయారుగా ఉందా, చివర్లో "ఇప్పుడు మాత్రలు ఎలా వేసుకోవాలో నాకు చెప్పు పెద్దమ్మా" అని రోగి చేత తిరిగి చెప్పించారా. ఈ మూడే చూస్తున్నాను.

మొదటి రెండూ చాలావరకు కుదిరాయి. బీపీ అంకెలు ఇప్పుడు రకరకాలుగా ఉన్నాయి, 134, 147, 152. మూడోదే ఇంకా వెనకబడి ఉంది. కాల్ పెట్టేయగానే పని అయిపోయినట్టు లేచిపోతున్నారు. నిన్న ఒక రోగి బయటికొచ్చాక నేనే అడిగితే, పొద్దున వేసుకోవాల్సింది రాత్రికని చెప్పింది. వెంటనే లోపలికి తీసుకెళ్లి ఎంఎల్‌హెచ్‌పీ చేతే మళ్లీ చెప్పించాను. కవర్ మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి ఇవ్వమన్నాను.

సిగ్నల్ పోయిన రోజు ఏం చేయాలన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. కొండ మీది రెండు క్లినిక్‌లలో వాన పడితే వీడియో ఆగిపోతుంది. ప్రస్తుతానికి వీడియో తెగితే మామూలు ఫోన్ కాల్, వివరాలు ముందు రిజిస్టర్‌లో, సిగ్నల్ వచ్చాక ఎక్కించడం. పుండు, చర్మం, కళ్లు లాంటి చూసి తేల్చాల్సినవి మాత్రం ఫోన్‌లో తేల్చకుండా 104 బండి వచ్చే రోజుకు పిలుస్తున్నారు, ఆగలేనివైతే పీహెచ్‌సీకి పంపుతున్నారు. ఈ పద్ధతి గురించి హబ్ డాక్టర్లతో వచ్చే మీటింగ్‌లో మాట్లాడి ఖాయం చేసుకోవాలి.

పెద్ద కఫ్‌లు వచ్చాయి, అన్ని క్లినిక్‌లకూ చాలినన్ని రాలేదు. మిగిలినవాటికి మళ్లీ ఇండెంట్ పెట్టాం. తర్వాతి బ్యాచ్ దీపావళి తర్వాత మొదలవుతుంది. మాత్రల సంచి పోయించిన ఆ అమ్మాయే ఈసారి మొదటి క్లాసు చెబుతుంది.